జాబెజ్ టకెట్ బొటనవేలు

క్రికెట్ వాళ్ళు ఏటేటా అచ్చువేసే లావుపాటి పుస్తకంలో మా బావ పేరు మీద ఒక్క వరుస ఉంటుంది. టకెట్ జె., 1907, ఆటలు ఏడు, పరుగులు నలభై ఒకటి, క్యాచ్‌లు పదమూడు, స్టంపింగులు పదకొండు. అంతే. మొన్న మా చిన్నల్లుడు ఆ వరుస నాకు చూపించి, "ఇంతేనా అత్తయ్యా, ఏడు ఆటలకే తోక ముడిచాడా మీ బావ?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అనే హక్కు ఈ లోకంలో ఒక్కరికే ఉంది, అది నాకు. ఎందుకంటే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్నదాన్ని నేనే.

అందుకని అసలు సంగతి చెప్తాను. వినేవాళ్ళు వినండి, లేనివాళ్ళు ఆ పుస్తకం చదువుకోండి.

మా కూంబ్‌ఫోర్డ్‌లో ఎవరి ఇంట పొయ్యి వెలిగినా గ్లౌజుల మీదే వెలగాలి. మగవాళ్ళు ఫ్యాక్టరీలో తోలు కోస్తారు, ఆడవాళ్ళం గుమ్మాల్లో కూర్చుని కుడతాం. మా అక్క కెజయా, నేను ఒకే గుమ్మంలో కుట్టేవాళ్ళం. అక్క మొగుడు జాబెజ్ ఫ్యాక్టరీలో మొదటి బల్ల దగ్గర కోతగాడు. మొదటి బల్ల అంటే మాటలు కాదు. లేత మేకపిల్ల తోలు తడిపి బల్ల మీద పరిచి, రెండు బొటనవేళ్ళతో లాగుతూ, ఎటు ఎంత సాగుతుందో చూసి, ఇంక సాగదన్న చోట ఆపి కత్తెర పెట్టాలి. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ లాగితే దొరసానులు తొడుక్కున్న మూడోనాటికి గ్లౌజు సంచిలా వేలాడుతుంది. తక్కువ లాగితే వేళ్ళ సందుల్లో పిగిలిపోతుంది. ఆ లెక్క కొలబద్దకు తెలియదు, బొటనవేలికి తెలియాలి. మా బావ బొటనవేళ్ళకు తెలిసినంత మా జిల్లాలో ఎవరి వేళ్ళకూ తెలియదని మ్యాగ్స్ మేస్త్రి అంతటివాడు ఒప్పుకున్నాడు. మ్యాగ్స్ మేస్త్రి ఎండ కాస్తోందని ఒప్పుకోవడానికి కూడా ఒక పూట ఆలోచించే మనిషి.

బావకి ఆ వేళ్ళంటే ప్రాణం. సంతలో జనం మధ్య నడిచేటప్పుడు మిగతా మగవాళ్ళు జేబులు పట్టుకుంటారు, మా బావ బొటనవేళ్ళు రెండూ పిడికిళ్ళలోకి ముడుచుకుని నడిచేవాడు. దగ్గర్లో కత్తి కనబడితే చాలు, తలుపు గట్టిగా వేసుకుంటే చాలు, ఆ వేళ్ళు వాటంతటవే లోపలికి పోయేవి. నేను ఆటపట్టించేదాన్ని.

"ఏం బావా, మీ పిల్లలిద్దరినీ దుప్పటి కప్పి పడుకోబెట్టావా?"

"నవ్వు మరదలా, నవ్వు. రేపు నీ పెళ్ళికి గ్లౌజులు ఎవరు కోస్తారో అప్పుడు చూద్దాం."

అప్పటికే తోళ్ళు ఊని పదును చేసే కొట్టంలో పనిచేసే ఎనోకుతో నాకు అక్టోబరులో పెళ్ళని ఖాయమైంది.

మరి ఇంత జాగ్రత్తపరుడు వికెట్ కీపరు ఎలా అయ్యాడంటారా? ఊరి జట్టులో శనివారాల్లో కీపింగ్ చేసేవాడు, అది కూడా ముసలి నెహెమయ్యా క్రీడ్ బంతులు వేస్తేనే. క్రీడ్ వేసే బంతి ఎంత నెమ్మది అంటే, అది వచ్చేలోపు ఒక రొట్టెముక్క తినెయ్యవచ్చు. కానీ దాని తిరుగుడు మాత్రం దేవుడికే తెలియాలి. దేవుడి తర్వాత మా బావకి తెలిసేది. తోలు చూసినట్టు చూసేవాడు బంతిని. బ్యాట్స్‌మన్ అరంగుళం ముందుకు అడుగేశాడా, వెనకాల వికెట్ల మీది బెయిల్స్ ఎగిరిపోయేవి.

ఈ క్రీడ్ కౌంటీ జట్టులో, అంటే మా జిల్లా జట్టులో కూడా ఆడేవాడు, కూలికి. ఆ ఏడు జూన్‌లో కౌంటీ కీపరు దొర ఒకాయన, జట్టు మధ్యలో వదిలేసి, ఐర్లండులో చేపలు బాగా పడుతున్నాయని వెళ్ళిపోయాడు. దొరలంతే. వాళ్ళకి ఆట సరదా, చేపలు సరదా, ఏది ముందొస్తే అది. అప్పుడు క్రీడ్ వెళ్ళి కెప్టెన్ లవిబాండ్ దొర చెవిలో మా బావ పేరు వేశాడు. మర్నాడు పోస్టుకార్డు వచ్చింది.

ఆ కార్డు మా వీధి వీధంతా చదివింది. మా అక్క ఒక్కతే చదవలేదు. సూది ఆపకుండానే అంది:

"లవిబాండ్ దొర ఎలా వేస్తాడయ్యా బంతి?"

"కాస్త వేగంగా వేస్తాడంటారు."

"కాస్తా? పోయినేడు ఆయన బంతికి ఒకడి పక్కటెముక విరిగిందని నువ్వే కదా చెప్పావు!"

"పక్కటెముకతో తోలు కొయ్యం కదే."

"వేళవేళకి వేళాకోళం! ఆ వేలు విరిగితే మనం తినేది ఏమిటి, నీ పోస్టుకార్డా?"

ఇక్కడ నేను నోరు పెట్టాను, పెట్టకుండా ఉంటే నేను తిర్జాని ఎలా అవుతాను! "అక్కా, మన ఊళ్ళో కౌంటీకి ఆడినవాడు క్రీడ్ తప్ప ఎవరున్నారే? వెళ్ళనీ. ఎడిత్ స్పారో మొహం ఒకసారి చూడాలి నేను." ఎడిత్ స్పారో మా కుట్టుపని గుంపులో నా పక్కన కూర్చునేది, వాళ్ళ అన్న జిల్లా పోలీసుల బ్యాండులో బూర ఊదుతాడని నాలుగేళ్ళుగా మా బుర్రలు తినేసింది.

మ్యాగ్స్ మేస్త్రి సెలవిచ్చాడు, కానీ అందరి ముందూ చెప్పి మరీ ఇచ్చాడు. "వెళ్ళు టకెట్. పది వేళ్ళతో వెళ్తున్నావు, పది వేళ్ళతో తిరిగొస్తే నీ బల్ల నీకుంటుంది. ఆ రెండిట్లో ఏది వంకరపోయినా, గోదాములో తోళ్ళు మొయ్యడానికే రా. సగం జీతం. నన్ను తిట్టుకోకు." అది ఆయన చెడ్డతనం కాదు, ఆ పని అంతే. బొటనవేలు పోయిన కోతగాళ్ళు మా ఊళ్ళో గోదాములో ముగ్గురున్నారు, ఎవరూ నవ్వగా నేను చూడలేదు.

ఇక గ్లౌజుల సంగతి. కౌంటీ వాళ్ళు కీపరుకిచ్చే గ్లౌజులు చూసి బావ మొహం వాడిపోయింది. "ఇవి గ్లౌజులా? గుర్రానికి కట్టే గంతలు ఇంతకన్నా నయం. ఎవడో పారతో కోసి తాడుతో కుట్టాడు." మూడు సాయంత్రాలు కూర్చుని సొంతంగా ఒక జత కోశాడు. మా అక్క సణుక్కుంటూనే కుట్టింది. ఎలా ఉన్నాయనుకున్నారు! మెత్తగా, సన్నగా, వేలుకి వేలు అతికినట్టు, పైన వీపు మీద మూడు వరుసల అందమైన కుట్టు. అవి తొడుక్కుని నాణెం పట్టుకుంటే, దాని మీద ఉన్నది రాజో రాణో చెప్పగలిగేవాడు. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. బంతి ఆపడానికి మందం కావాలన్న ముక్క మా ఊళ్ళో ఒక్కడికి తట్టలేదు! మంచి గ్లౌజంటే పల్చటి గ్లౌజు, అంతే. మూడు తరాలుగా మా బుర్రలకు పట్టిన చాదస్తం అది.

మొదటి రోజు కౌంటీ మైదానంలో జట్టు వాళ్ళు పడీపడీ నవ్వారట. "ఏం టకెట్, ఆట అయ్యాక డాన్సుకి వెళ్తున్నావా?" అని ఒకడు. "ఆ చేతికి ముద్దు పెట్టమంటావా?" అని ఇంకొకడు. మధ్యాహ్నానికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి. క్రీడ్ వేశాడు, బావ పట్టాడు, నలుగురు స్టంపింగు. పేపర్లో వేశారు. ఆ పేపరు ముక్క నేను ఎడిత్ స్పారో సూదుల డబ్బా మూతకి లోపలివైపు అతికించి పెట్టాను, తెరిచినప్పుడల్లా కనబడాలని.

బావకి ఆ మైదానం తెగ నచ్చింది. వచ్చి చెప్పిన కబుర్లలో సగం ఆట గురించి కాదు, రోలరు లాగే పొట్టి గుర్రం గురించి. గడ్డి పాడవకుండా దాని నాలుగు కాళ్ళకీ తోలు జోళ్ళు తొడుగుతారట. "కుట్టు ఎంత బాగుందనుకున్నావు తిర్జా! మనుషుల గ్లౌజులకన్నా గుర్రం జోళ్ళే బాగా కుట్టారు." అయితే మైదానంలోకి వెళ్ళేందుకు రెండు గేట్లున్నాయి. నడిమధ్య తెల్ల గేటు దొరలది. పక్కన రోలరు కొట్టం వైపున్నది కూలి ఆటగాళ్ళది. ఒకే జట్టే, ఒకే బంతే, గేట్లు మాత్రం రెండు. బావకి అందులో వింతేమీ కనపడలేదు. నాకూ కనపడలేదు, అబద్ధమెందుకు? చర్చిలో బెంచీలు వేరు, రైల్లో పెట్టెలు వేరు, మైదానంలో గేట్లు వేరు.

అలా అయిదు ఆటలు హాయిగా సాగాయి. లవిబాండ్ దొర తను బంతి వేసేటప్పుడు బావని బాగా వెనక్కి నిలబెట్టేవాడు. అయినా ఆరో ఆటలో తగలనే తగిలింది. పల్చటి తోలు మీద నుంచి ఎడమ బొటనవేలి కీలు మీద. సాయంత్రానికి అది చిన్న బంగాళాదుంపంత అయింది. అక్క చన్నీళ్ళ గుడ్డ చుట్టింది.

మందుల షాపాయన అటూ ఇటూ వంచి చూసి, "విరగలేదు టకెట్. కానీ ఇదే కీలు మీద ఇంకో దెబ్బ తగిలిందా, ఇది జన్మలో వంగదు," అన్నాడు.

"ఇంక మానెయ్," అంది అక్క.

"ఒక్క ఆటే కెజ్జీ. ఆగస్టు ఆఖరు ఆట. ఉత్తరాది జట్టు వస్తోంది, పట్టికలో అందరికంటే పైనున్నవాళ్ళు. ఇప్పుడు మానేస్తే లవిబాండ్ దొరకి కీపరెవరు? మాటిచ్చాను."

"మరి ఆ మందపాటి గ్లౌజులేనా తొడుక్కో."

బావ అక్కని చూసిన చూపు! ఏదో చెయ్యకూడని పాపం చెయ్యమన్నట్టు. "కోతగాడు టకెట్ పారతో కోసిన గ్లౌజు వేసుకున్నాడని మ్యాగ్స్‌కి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

చివరికి దారి చూపించింది మాంసం కొట్టు డాబినెట్. కీపర్లు గ్లౌజుల్లో పచ్చి గొడ్డుమాంసం ముక్కలు పెట్టుకోవడం అప్పట్లో మామూలే. "రెండు మంచి ముక్కలు ఇస్తాను జాబెజ్, తొడ భాగం. కాపలాకి కాపలా, ఆట అయ్యాక కూరకి కూర. నేనూ వస్తాను, నా సరుకు ఎలా ఆడుతుందో చూడాలి." వచ్చాడు. వాడితోపాటు వాడి కుక్క టింకరు కూడా వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఆట మూడో రోజు నేనూ అక్కా రైలెక్కి వెళ్ళాం. రొట్టె, చీజు, ఊరవేసిన ఉల్లిపాయలు మూటకట్టుకుని చవక బెంచీల్లో కూర్చున్నాం. ఒక ఎండ కాదది! మధ్యాహ్నానికి బావ చుట్టూ కందిరీగలు మూగాయి. బావ పక్కన స్లిప్‌లో నిలబడ్డ దొర ఒకాయన ముక్కు మీద రుమాలు కట్టుకున్నాడు. టింకరు డాబినెట్ కాళ్ళ దగ్గర కూర్చుని, కళ్ళార్పకుండా, చొంగ కార్చుకుంటూ ఆట చూస్తోంది. ఇంత శ్రద్ధగా క్రికెట్ చూసే కుక్కని ఎక్కడా చూడలేదని పక్కన ఎవరో మెచ్చుకున్నారు కూడా.

ఆట బిగిసింది. ఉత్తరాది వాళ్ళకి గెలవడానికి మూడు పరుగులు కావాలి, చేతిలో రెండు వికెట్లు. ఆరున్నరకి గంట కొడితే ఆట ఎటూ కాకుండా పోతుంది. గడియారం ఆరు ఇరవై నాలుగు. లవిబాండ్ దొర పరిగెత్తుకొచ్చి వేశాడు, మధ్య వికెట్టు పల్టీ కొట్టింది. జనం టోపీలు ఎగరేశారు, నేను ఉల్లిపాయ ఎగరేశాను. ఇంకొక్కటి! ఆఖరువాడు నడిచొస్తున్నాడు, ఎడమచేతి వాటంవాడు. ఈలోపు చెమట తుడుచుకోవడానికి బావ ఎడమ గ్లౌజు తీసి గడ్డి మీద పెట్టాడు.

టింకరు లేచింది.

డాబినెట్ "ఒరేయ్ టింకరూ!" అని అరిచేసరికే అది సగం మైదానం దాటింది. గ్లౌజు నోట కరుచుకుంది. బావ వెంటపడ్డాడు. ఇద్దరు ఫీల్డర్లు వెంటపడ్డారు. అంపైరు కూడా నాలుగడుగులు పరిగెత్తి, తనెవరో గుర్తొచ్చి ఆగిపోయాడు. కుక్క మైదానమంతా ఒక చుట్టు తిరిగి, తిన్నగా నడిమధ్య తెల్ల గేటు లోంచి దొరలు కూర్చునే మండువాలోకి దూరిపోయింది. లోపల దొరసానుల కేకలు, టీ కప్పులు పగిలిన చప్పుడు. బావ ఆ గేటు దాకా వచ్చాడు. వచ్చి, ఆగిపోయాడు.

అడుగు వేస్తే చాలు. కుక్క పది గజాల్లో ఉంది, కుర్చీ కింద పడుకుని గ్లౌజు నములుతోంది, మాక్కూడా కనబడుతోంది. కానీ అది దొరల గేటు. బావ టోపీ తీసి గేటు మనిషితో మర్యాదగా అన్నాడు:

"అయ్యా, నా గ్లౌజు లోపలికి వెళ్ళింది."

"చూశాను. నువ్వు ఆ పక్క గేటు లోంచి వచ్చి, వంటింటి వైపు నుంచి అడగాలి."

"అయ్యా, టైము లేదు. మీరే కాస్త అందుకుంటారా?"

"నేను గేటు వదలకూడదు."

అప్పుడు కమిటీలో పెద్దాయన, ఒక ముసలి కర్నలు, కుర్చీ లోంచి లేచాడు. కుక్కని పట్టుకుంటాడేమో అనుకున్నాం. "ముందు ఈ కుక్క సభ్యులదా, బయటిదా తేలాలి," అన్నాడాయన. దాని మీద నలుగురు దొరలు చర్చ మొదలెట్టారు. ఏం చెప్పమంటారు! కుక్కకి ఉన్న పాటి స్వేచ్ఛ మా బావకి లేకపోయింది. అంతకన్నా విడ్డూరం, బెంచీల్లో ఉన్న మూడు వేల మందిలో ఒక్కరం కూడా "వెళ్ళవయ్యా లోపలికి!" అని అరవలేదు. ఇంత నోరున్నదాన్ని నేనూ అరవలేదు.

ఆరు ఇరవై ఎనిమిది. పిచ్ మీద నుంచి లవిబాండ్ దొర కేక వేశాడు. "టకెట్! గంట కొట్టేస్తారు! రెండు బంతులు ఒంటి గ్లౌజుతో సర్దుకోగలవా?"

కూలి ఆటగాడు కెప్టెన్‌తో లేదని అనడు. "అలాగే దొరా," అని బావ పరిగెత్తుకెళ్ళి వెనక నిలబడ్డాడు. కుడి చేతికి గ్లౌజు. ఎడమ చెయ్యి ఉత్తది, బొటనవేలు ఊదారంగులో ఉబ్బి ఉంది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ గోళ్ళు దిగిన గుర్తు వారం దాకా పోలేదు.

మొదటి బంతి వికెట్టు పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయింది. బావ కుడి చేత్తో ఆపాడు. రెండో బంతి. ఎడమచేతివాడు కళ్ళు మూసుకుని ఊపాడు. టక్కుమని అంచుకి తగిలింది, మాకందరికీ వినిపించింది. బంతి ఎగిరి బావ ఎడమ పక్కకి, నడుమెత్తున, వచ్చింది.

"పట్టు బావా! పట్టు!" నేను బెంచీ ఎక్కి అరిచాను.

వంగాడు. చెయ్యి చాచాడు. బంతి అరచేతిలోకి వచ్చేస్తోంది. అప్పుడు చూశాను, నా కళ్ళతో నేను చూశాను, బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుపోయింది. సంతలో నడిచేటప్పుడు ముడుచుకున్నట్టే. బంతి వేళ్ళ కణుపుల పక్కనుంచి జారి, బౌండరీ తాడు దాటి, ఆపిల్ సారా పీపాల మధ్య ఎక్కడో పడింది. నాలుగు పరుగులు. ఆట పోయింది.

జనం "అయ్యో" అన్నారు, అంతే. ఉత్త చేత్తో ఆ బంతి ఎవడు పట్టగలడని సర్దిచెప్పుకున్నారు. లవిబాండ్ దొర కూడా అదే అన్నాడు, పక్క గేటు దగ్గర మేం నిలబడి ఉండగా. "పోనీలే టకెట్. అందే బంతి కాదది."

ఆ మాట పట్టుకుని ఊరుకుంటే ఎంత బాగుండేది! వచ్చే ఏడు కూడా పిలిచేవాళ్ళు. కానీ బావ టోపీ చేతిలో పట్టుకుని అన్నాడు: "అందేదే దొరా. నేనే వేలు ముడిచాను. ఇంటి దగ్గర నాకు దీంతోనే పని."

లవిబాండ్ దొర కాసేపు ఆ వేలు వంక చూశాడు. తల ఊపి తెల్ల గేటు వైపు వెళ్ళిపోయాడు.

రైల్లో అక్క బావ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం పెట్టె అంతా వినేలా దులిపేశాను. "ఎందుకు చెప్పావు బావా? అసలా వేలెందుకు ముడిచావు? మూడు వేల మంది చూస్తుండగా! రేపు ఎడిత్ స్పారో మొహం ఎలా చూడను? పిరికిపంద! ఇంక చచ్చినా నీతో మాట్లాడను." మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఓడినందుకు కాదు నా ఏడుపు, ఎడిత్ నవ్వుతుందని.

బావ ఒక్కటే అన్నాడు. "ఎడిత్‌కి చెప్పు, కుక్క మాత్రం బాగా పట్టిందని."

పక్క పెట్టెలో వాళ్ళు కూడా నవ్వారు. నేను నవ్వలేదు.

ఇంటికెళ్ళాక కుడి గ్లౌజులోని ముక్కని అక్క ఉల్లిపాయలతో వేయించింది. మూడు రోజులు లవిబాండ్ దొర బాదీ బాదీ మెత్తబరిచిన మాంసం, అలాంటిది మళ్ళీ జన్మలో తినలేదని డాబినెట్ ఇప్పటికీ అంటాడు. ఎండకి కాస్త వాసన వచ్చిందని నేనన్నాను. నేను కోపంతో ముట్టలేదు. తెల్లవారి ఎవరూ లేనప్పుడు చల్లారిన ముక్క ఒకటి తిన్నాను, అది వేరే సంగతి.

సోమవారం పోస్టుకార్డు వచ్చింది. ఇక మీ అవసరం లేదు, కృతజ్ఞతలు. కౌంటీ ఆట ముగిసింది. బావ దాన్ని అద్దం వెనక దోపి, పది వేళ్ళతో ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మ్యాగ్స్ మేస్త్రి ఆ వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టి, బల్ల వైపు చూపించాడు. చిత్రం చూడండి, క్రిస్మసు ముందు ఫ్యాక్టరీకి లవిబాండ్ దొర నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏటి కీపరుకి ఒక జత గ్లౌజులు కావాలి, టకెటే కొయ్యాలి, కాస్త మందంగా. బావ మూడు రోజులు బాధపడి, ఎవరూ చూడకుండా బల్ల కింద పెట్టుకుని కోశాడు.

ఇక నేను. అన్నమాట మీద నిలబడ్డాను, ఏడు వారాలు. బావ ఎదురొస్తే గోడతో మాట్లాడేదాన్ని. "గోడా, మా అక్కని పిలు." ఆయన కూడా గోడతోనే, "గోడా, మా మరదలికి వాళ్ళ అక్క బజారుకెళ్ళిందని చెప్పు," అనేవాడు. కందకి లేని దురద కత్తిపీటకి అన్నట్టు, ఊరంతా మర్చిపోయినా నేను మర్చిపోలేదు. ఎడిత్ స్పారో కూడా మర్చిపోయింది. అది నాకు మరీ మంట.

అక్టోబరులో నా పెళ్ళిరోజు. ప్రార్థన మందిరం మెట్ల దగ్గర ఎనోకు నిలబడి ఉన్నాడు, నేను పాత గ్లౌజులు తొడుక్కుని వస్తున్నాను. అడగకూడదని పట్టుదల కదా, కొత్తవి ఎవరిని అడుగుతాను! బావ ముందుకొచ్చి నా చేతిలో ఒక వాల్‌నట్ కాయ పెట్టాడు. నీలం దారంతో కట్టి ఉంది. ఈ పూట కూడా వేళాకోళమేనా అని దారం లాగాను. కాయ రెండుగా విడిపోయింది. లోపల తెల్లగా ఏదో మడత.

విప్పాను. విప్పుతూనే ఉన్నాను. మోచేతి దాకా వచ్చే పెళ్ళి గ్లౌజులు, రెండూ, ఒక్క కాయ డొల్లలో పట్టేశాయి. అలాంటివి వెనకటి కోతగాళ్ళు చేసేవారని మా తాత చెప్పగా వినడమే, మా కాలంలో ఎవరూ చూడలేదు. అంత పల్చగా తోలు గీకాలంటే కత్తి మీద కాదు నమ్మకం, కింద ఆనించిన బొటనవేలి మీద. ఎక్కడ ఇంకొక్క గీత గీస్తే చిరుగుతుందో అది చెప్పాలి. ఆరు వారాలు ప్రతి సాయంత్రం చేశాడట. నేను గోడతో మాట్లాడుతున్న ఆ సాయంత్రాలన్నీ. అక్క కుడుతూ కూడా నాకు చెప్పలేదు.

నా కళ్ళు మసకబారి ఎడమది సరిగ్గా ఎక్కలేదు. బావ నా చెయ్యి పట్టుకుని, వేలు వేలూ సవరించి, చివర నా బొటనవేలి దగ్గర కుట్టుని తన బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూశాడు. ఆ కీలు మీద ఇంకా కాస్త పసుపుపచ్చ మచ్చ ఉంది. వేలు చక్కగా వంగింది.

ఈసారి గోడని అడగలేదు, నన్నే అడిగాడు. "ఇక్కడ బిగుతుగా ఉందా తిర్జా?"

"లేదు బావా," అన్నాను. "సరిగ్గా సరిపోయింది."

ఏడు వారాల తర్వాత నేను ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత బోరుమన్నాను, పెళ్ళికూతురు ఎందుకేడుస్తోందని ఎనోకు కంగారుపడ్డాడు. ఆ గ్లౌజులు, ఆ కాయ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. మా చిన్నల్లుడికి చూపించాను. పుస్తకంలో ఆ వరుస పక్కన ఈ సంగతి రాయడానికి చోటేమైనా ఉందా అని అడిగాడు. లేదు, చూశాను.